ఎప్పీ వెతికిన విలియం మెయిర్

పద్నాలుగేళ్ళ వయసులో ఎల్‌స్పెట్ పిరీ చేపల యార్డు ఆఫీసు ముందు వరుసలో నిలబడింది. యుద్ధం ముగిసిన మరుసటి వేసవి అది. పోర్ట్‌లెన్నీ రేవులో హెర్రింగ్ చేపలు మోకాలి లోతున పడి ఉన్నాయి. పొట్టలు కోసే చేతులు చాలక యార్డువాళ్ళు వచ్చినవాళ్ళనందరినీ పనిలోకి తీసుకుంటున్నారు. పుట్టిన కాయితం మాత్రం చూపించాలి. మిగతా ఆడపిల్లలు పొట్టి కాయితాలు తెచ్చుకున్నారు. వాటి మీద పేరూ తేదీ తప్ప మరేమీ ఉండదు. ఎల్‌స్పెట్ తల్లికి పొట్టి కాయితం ఒకటుంటుందని తెలియదు. పొడుగుది ఇచ్చి పంపింది.

యార్డు మేస్త్రీ దాన్ని విప్పి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఎల్‌స్పెట్ మెయిర్ పిరీ," అని పైకి చదివాడు. "తల్లి, మార్గరెట్ పిరీ, చేపలు కోసే పని. తండ్రి..." అని ఆగి, కాయితం తిప్పి వెనక కూడా చూశాడు. "ఇక్కడేమైందే పిల్లా? ఎలుక కొరికిందా?"

వరుస మొత్తం నవ్వింది. పడవల మీంచి బుట్టలు దింపుతున్న మగవాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళలో పడవ యజమాని విలియం మెయిర్ ఉన్నాడు. అందరికన్నా కాస్త ఆలస్యంగా మొదలుపెట్టి, అందరితోపాటే ఆపాడు. ఆ పిల్ల తన కూతురని ఆయనకి తెలుసు. బుట్టకి రెండో చెవి పట్టుకున్న పదిహేడేళ్ళ కొడుకు ఎబెన్‌కి అప్పటికి తెలియదు. కాబట్టి వాడు మనసారా నవ్వాడు.

పిల్లకి పని దొరికింది. పనితోపాటు ఒక పేరు కూడా దొరికింది.

పోర్ట్‌లెన్నీలో ఇంటిపేర్లు ఆరో ఏడో ఉంటాయి. సగం ఊరు మెయిర్లే. పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టి తీరాలి. అందువల్ల ఎల్‌స్పెట్ పుట్టిన ఏడు ఆ ఊళ్ళో తొమ్మిది మంది విలియం మెయిర్లు తిరుగుతున్నారు. పోస్టుమాన్ అయినా పాదిరి అయినా వాళ్ళని వేరుచేసి చెప్పాలంటే ఊరు తగిలించిన మారుపేరు పట్టుకోవలసిందే. షావీ మెయిర్లు, కాస్కీ మెయిర్లు, అలాగ. ఆ మారుపేరు తండ్రి నుంచి వస్తుంది. తండ్రి లేనివాళ్ళకి ఊరే ఏదో ఒకటి చూసి పెడుతుంది. ఇంట్లో ఎప్పీ అని పిలిచే ఎల్‌స్పెట్ ఆ వారం నుంచి ఊరందరికీ టూమ్ ఎప్పీ అయింది. టూమ్ అంటే అక్కడి మాటలో ఖాళీ.

పేరు మధ్యలో మెయిర్ అని ఇరికించింది తల్లి మ్యాగీ. ఆ తీరంలో పెళ్ళి కాని తల్లి చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. తండ్రి స్వయంగా వచ్చి సంతకం పెడితే తప్ప రిజిస్ట్రారు తండ్రి గడి నింపడు. బిడ్డకి ఏ పేరు పెట్టుకుంటానన్నా మాత్రం కాదనలేడు. అందుకని మగవాడి ఇంటిపేరు బిడ్డ పేరు మధ్యలో పెట్టి, బడిలో హాజరు పిలిచినప్పుడల్లా ఊరి చెవిన పడేలా చేస్తారు. కాని మెయిర్ అంటే సగం ఊరాయె. మ్యాగీ విసిరిన రాయి ఎవరికీ తగల్లేదు.

ఊపిరితిత్తుల జబ్బుతో మ్యాగీ పోయేముందు ఎప్పీ మంచం పక్కన కూర్చుని తన తండ్రి ఎవరని అడిగింది.

"విలియం," అంది మ్యాగీ.

"ఏ విలియం అమ్మా? తొమ్మిది మంది ఉన్నారు."

"సముద్రం తీసుకుపోయిందిలే. వదిలెయ్."

అది అబద్ధం. ఎబెన్ తండ్రి విలియం మెయిర్ షావీ ఆ సమయంలో నాలుగు వీధుల అవతల తన ఇంట్లో సూపు తాగుతున్నాడు.

ఎప్పీ వదలలేదు. పగలంతా వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుని చేపలు కోసేది. తీరిక దొరికితే జిల్లా లైబ్రరీలో కూర్చుని పాత చేతిరాతలు కూడబలుక్కునేది. గొలుసుకట్టు రాత, పాదిరుల లాటిన్ ముక్కలు, సగం చెదలు తిన్న బాప్తిస్మాల పట్టీలు, జనాభా లెక్కలు, అన్నీ తనంతట తనే నేర్చుకుంది. ప్రతి వసంతంలో బస్సెక్కి ఎడిన్‌బరో రికార్డుల ఆఫీసుకి పోయి వారం రోజులుండి వచ్చేది. యాభై ఏళ్ళు వచ్చేసరికి ఆ తీరంలో పాత కాయితం చదవాలంటే ఎప్పీ తర్వాతే ఎవరైనా. వేసవిలో కెనడా నుంచి, న్యూజీలాండ్ నుంచి మనుషులు తమ పూర్వీకుల కోసం ఆమె వంటింటి బల్ల ముందుకి వచ్చి కూర్చునేవారు.

కెనడా ఆవిడ ఒకామె ముత్యాల దండ సవరించుకుంటూ చెప్పింది. "మా తాతగారి తాత ఇక్కడ ఓడ కెప్టెనండీ. ఆయన కత్తి ఇప్పటికీ మా హాల్లో వేలాడుతోంది."

"కత్తి ఎక్కడ కొన్నారో నాకు తెలియదు," అంది ఎప్పీ. "ఆయన పడవలో నీళ్ళు తోడేవాడు. తెడ్డు తీసుకుని తల్లిని కొట్టాడని చర్చిలో మూడు ఆదివారాలు అందరి ముందూ పీట మీద కూర్చోబెట్టారు. మూడో ఆదివారం తాగి వచ్చాడు. ఇదిగో, పేజీ నంబరు కూడా రాశాను."

ఆవిడకి ఏడుపొచ్చింది. ఎప్పీ ఓట్స్ రొట్టె పళ్ళెం ఆవిడ ముందుకి జరిపింది.

"ఏడవకండి. తల్లిని కొట్టినా మీకో మనిషున్నాడు."

ఇంత మందికి తాతముత్తాతలని పట్టి ఇచ్చిన ఎప్పీకి తన తండ్రి దొరకలేదు. దొరకడానికి ఒకే ఒక్క చోటు ఉందని కూడా ఆమెకి తెలుసు. పెళ్ళి కాని తల్లి బిడ్డకి బాప్తిస్మం కావాలంటే చర్చి పెద్దల సభ ముందు నిలబడి తండ్రి పేరు చెప్పాలి. ఆ సభ గుమాస్తా ఊరివాడే, కాబట్టి మారుపేరుతో సహా రాస్తాడు. పెద్దల సభ పాత పుస్తకాలు ఎడిన్‌బరో చేరాయి. ఆఖరి పుస్తకం మాత్రం పోర్ట్‌లెన్నీ చర్చి వెనక గదిలో ఇనప్పెట్టెలో ఉండిపోయింది. ఆ పెట్టె తాళం ఎబెన్ మెయిర్ దగ్గర ఉంది.

ఎబెన్ అప్పటికి పడవ వదిలి, వలల దుకాణం పెట్టుకుని, సభ గుమాస్తా అయ్యాడు. చర్చి కప్పు ఎప్పుడు మార్చారో చూద్దామని ఆ పుస్తకం తిరగేస్తుంటే 1931 నవంబరు పేజీ కంటపడింది. మార్గరెట్ పిరీ బిడ్డకు బాప్తిస్మం కోరుతూ వచ్చినది. తండ్రి ఎవరని మూడుసార్లు అడిగిరి. విలియం మెయిర్ షావీ అని మూడుసార్లునూ చెప్పినది. విలియంను పిలిపించగా బైబిలు మీద చేయి వేసి కాదనెను. సభ అతని మాట నమ్మినది. అబద్ధమాడినందుకు ఆ స్త్రీని మందలించి పంపిరి.

ఎబెన్ ఆ సాయంత్రమే తండ్రి దగ్గరికి వెళ్ళాడు. ముసలాయన పొగబెట్టిన చేపలో ముళ్ళు ఏరుకుంటున్నాడు.

"నాన్నా, మ్యాగీ పిరీ పేజీ చూశాను."

"ఏముంది అందులో?"

"నువ్వు ప్రమాణం చేశావని ఉంది."

"చేశాను మరి. అప్పటికి నీకు రెండేళ్ళు. మీ అమ్మ మళ్ళీ కడుపుతో ఉంది. ఏం చెయ్యమంటావు?"

"ఆ ఎప్పీ..."

"దాని నడక చూశావా? అచ్చం మా అమ్మ నడకే. ఊరంతా చూస్తూనే ఉన్నారు, దాని వీపు దానికొక్కదానికే కనపడదు." ఒక ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. "నేను పోయాక కూడా ఆ పుస్తకం ఇవ్వకు. నన్ను సంఘ పెద్దని చేశారు. ఇరవై ఏళ్ళు ప్రభు బల్ల రొట్టె పంచాను వీళ్ళకి. అది తిన్నవాళ్ళ మొహాలు ఎలా చూస్తావు నువ్వు?"

ఎబెన్ తాళం జేబులో వేసుకుని ఇంటికి వెళ్ళాడు. ఆ ప్రశ్నకి జవాబు చాలా ఏళ్ళ పాటు వెతుక్కోలేదు.

ఎప్పీ ఏడాదికోసారి వచ్చి అడిగేది. మొదటిసారి పుస్తకం తడిసిందన్నాడు. రెండోసారి తాళం తుప్పు పట్టిందన్నాడు. మూడోసారి బాగా ఆలోచించి, వందేళ్ళు నిండకుండా తెరవకూడదని నిబంధన ఉందన్నాడు. ఆ నిబంధన ఎబెన్ తన దుకాణంలో వల అల్లుతూ కల్పించుకున్నది. ఎప్పీ తలాడించింది. కాయితాల మనిషి, నిబంధన అంటే గౌరవం. థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

తలుపు మూసుకుంటే కాయితాల మనిషి ఏం చేస్తుంది? లెక్క వేస్తుంది. తొమ్మిది మంది విలియంలలో సముద్రంలో పోయినవాళ్ళు ఇద్దరు. ఒకడికి అరవై ఏళ్ళు, కుంటివాడు. రెండోవాడు కాస్కీల విలియం, ఇరవై మూడేళ్ళవాడు, పెళ్ళి కానివాడు, ఎప్పీకి మూడు నెలలున్నప్పుడు మునిగిపోయాడు. అమ్మ మాట సరిపోయింది. వయసు సరిపోయింది. ఎక్కడో ఎడిన్‌బరోలో కూర్చుని చూసే మనిషైతే శభాష్ అనేంత చక్కటి లెక్క. ఊళ్ళో వెన్నరొట్టెలు అమ్మే పిల్లని అడిగి ఉంటే ఆ లెక్క నిమిషంలో చెరిపేసి ఉండేది. ఎప్పీ నోటి మాటలు నమ్మదు. తన దగ్గరికొచ్చే అందరికీ మొదట చెప్పేది అదే.

కాస్కీల విలియంకి ఒక చెల్లెలు మిగిలి ఉంది. టీనీ. డెబ్బై రెండేళ్ళు, కాళ్ళు వాచి కుర్చీలోంచి లేవలేదు. ఎప్పీ కొత్త టోపీ పెట్టుకుని, కాయితాలన్నీ సంచిలో సర్దుకుని వెళ్ళి, ఒక్కొక్కటే ఆమె ఒళ్ళో పరిచింది. టీనీ కాయితాలు చూడలేదు. ఎప్పీ చేతులు చూసింది. ముప్పై ఏళ్ళు చేపల పీపాలు దొర్లించిన చేతులు.

"నీ కళ్ళు వాడివేనే," అంది చివరికి. "మా విల్లీ కూతురా! ఆ బొగ్గు బకెట్ ఇలా తీసుకురా."

ఆరేళ్ళు ఎప్పీ ఆ ఇంటికి బొగ్గు మోసింది. టీనీ కాళ్ళు కడిగి, కట్లు కట్టి, బార్లీ సూపు చెంచాతో తాగించి, మలం కుండ ఎత్తింది. ప్రతి జనవరిలో రేవు దగ్గర మునిగిపోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి ముందు పూలదండ పెట్టింది. రొట్టెల దుకాణంలో ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

"మా ఇంటికి కూడా కాయితాలు పట్టుకుని ఎవరన్నా వస్తే బాగుండు. నా దొడ్డి కడిగి ఏడాదైంది."

"నీకు మునిగిపోయిన అన్న ఉండాలి కదే!"

"నాకున్నవాణ్ణి ముంచుతాను."

ఎబెన్ వెన్నరొట్టెలు కాయితంలో చుట్టించుకుంటూ ఇవన్నీ విన్నాడు. తను నవ్వలేదు. నవ్వకపోవడం ఒక మంచితనమని అప్పట్లో అనుకున్నాడు. సంఘం తరఫున ముసలివాళ్ళని పలకరించడానికి వెళ్ళినప్పుడు ఒకసారి టీనీని అడిగాడు. ఎప్పీ పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది.

"నీకు తెలుసు కదా టీనీ. ఎందుకిలా చేస్తున్నావు?"

"నీకు తెలీదా? నువ్వెందుకు చేస్తున్నావు?" అంది టీనీ. "నీకు మీ నాన్న పరువు. నాకు కాళ్ళు. నువ్వు నోరు మూసుకుంటే నేనూ మూసుకుంటాను. వెళ్ళేటప్పుడు తలుపు వెయ్, చలి."

తలుపు వేసి వచ్చాడు.

టీనీ చచ్చిపోతూ ఇల్లు ఆబర్‌డీన్‌లో ఉన్న దూరపు బంధువుకి రాసిపోయింది. ఎప్పీకి ఇంటి మీద ఆశ లేదు. అంత్యక్రియల రోజు శవపేటిక వెనక, బంధువులు నడిచే చోట నడిచింది. ఊరు రెండు వైపులా నిలబడి చూసింది. పెళ్ళిలో కూడా అంత వెలిగిపోయే మొహం ఎవరికీ ఉండదని ఎబెన్ భార్య ఇంటికొచ్చి చెప్పింది. చెబుతున్నంతసేపూ నవ్వు ఆపుకోలేకపోయింది.

మరుసటి వసంతంలో ఎడిన్‌బరోలో న్యూజీలాండ్ వాళ్ళ పని మీద పాత ఆసుపత్రి పట్టీ ఒకటి తిరగేస్తోంది ఎప్పీ. ఎవరిదో పెదనాన్న విరిగిన కాలు వెతుకుతుంటే ఇంకో కాలు దొరికింది. విలియం మెయిర్, కాస్కీ, పోర్ట్‌లెన్నీ, జాలరి. తొడ ఎముక విరిగినది. చేరినది 1930 డిసెంబరు. వెళ్ళినది 1931 మే నెలాఖరు. ఎప్పీ పుట్టింది అక్టోబరులో. వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టుకుంది. జనవరిలో ఆ మనిషి ఊరికి డెబ్బై మైళ్ళ దూరంలో, కాలు పైకి కట్టించుకుని మంచం మీద ఉన్నాడు.

ఆమె బస్సు దిగి తిన్నగా ఎబెన్ దుకాణానికి వచ్చింది. తీసిన టోపీ చేతిలోనే ఉంది.

"నేను మోసం చేశాను ఎబెన్," అంది. "ఆ ముసలిదాన్ని. ఆరేళ్ళు మా విల్లీ కూతురా అనిపించుకున్నాను. చచ్చేదాకా నమ్మింది పాపం. వాడు కాదు. వాడు కాలేడు."

ఎబెన్ చేతిలో వల సూది ఆడుతూనే ఉంది. ఆ క్షణంలో నోరు విప్పి ఉంటే ఏమయ్యేదో అతనికి తెలియదు. విప్పలేదు.

"ఇంకోటి," అంది ఎప్పీ. "వందేళ్ళ నిబంధన లేదట. అక్కడ అడిగాను. చూపించడం, మానడం గుమాస్తా ఇష్టమట. నీ ఇష్టమేనట. నాకు యాభై తొమ్మిది వచ్చాయి. ఒక్క పేజీ చూసుకుని మూసేస్తాను. ఇక నిన్ను అడగను."

"రేపు మధ్యాహ్నం రా," అన్నాడు ఎబెన్.

తండ్రి పోయి అప్పటికి ఏడేళ్ళు. ఆయన పేరు చర్చి గోడ మీద ఇత్తడి పలక మీద ఉంది. వచ్చే ఆదివారం ఎబెన్ కొడుకుని సంఘ పెద్దగా నిలబెట్టబోతున్నారు. మర్నాడు పొద్దున ఎబెన్ చర్చి వెనక గదికి వెళ్ళి, పుస్తకం బల్ల మీద తెరిచి, వలలు కోసే కత్తితో ఆ పేజీని కుట్టు దగ్గర శుభ్రంగా కోసి, పొయ్యిలో వేశాడు. పాత కాయితం మందంగా ఉండి వెంటనే అంటుకోలేదు. అంటుకునేదాకా నిలబడి చూశాడు.

మధ్యాహ్నం జరిగినదే వాళ్ళిద్దరి ఆఖరి కలయిక. ఆ నవంబరులో గుండె ఆగి ఎప్పీ పోయింది. ఆ దేశంలో చావు కాయితం మీద కూడా తండ్రి పేరుకి ఒక గడి ఉంటుంది. చావు రాయించడానికి వెళ్ళిన పొరుగింటామె ఆ గడి దగ్గరికొచ్చేసరికి తెలియదని చెప్పింది. రొట్టెల దుకాణంలో అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆవిడే.

ఆ మధ్యాహ్నం ఎప్పీ భూతద్దం, పెన్సిలు, కొత్త నోటు పుస్తకం తెచ్చుకుంది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, కూర్చుంది. ఎబెన్ పుస్తకం ఆమె ముందు పెట్టి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె పేజీలు తడుముతూ తిప్పింది. అక్టోబరు దాటింది. ఆగింది. మళ్ళీ వెనక్కి తిప్పింది. తర్వాత వేలు కుట్టు మీద పెట్టి పైనుంచి కిందికి నడిపించింది.

"ఇక్కడొకటి లేదు," అంది.

"పాత పుస్తకం. ఎలుకలు..."

"ఎలుక ఇంత తిన్నగా కొరకదు. అంచు తెల్లగా ఉంది, చూడు. అరవై ఏళ్ళ కిందట కోసి ఉంటే గోధుమరంగు తిరిగేది. ఇది ఈ పొద్దున్నది." తలెత్తి పొయ్యి వైపు చూసింది. తర్వాత అతని వైపు చూసింది, ఎవరిదో చేతిరాత చదువుతున్నట్టు నుదుటి నుంచి గడ్డం దాకా. "కాస్కీలదైతే నీకేం నొప్పి? మిగతా ఏ మెయిర్లదైనా నీకేం నొప్పి? నలభై ఏళ్ళు వెతికాను. తొమ్మిది పేర్లలో ఎనిమిది నువ్వొక్కడివే కొట్టేశావు."

ఎబెన్ పొయ్యికి అడ్డంగా జరిగాడు.

"అలాగే ఉంచి ఇచ్చి ఉంటే చదివి, మూసి, ఇంటికి పోయేదాన్ని. చచ్చినా ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు చెప్తాను. ఇంటింటికీ వెళ్ళి చెప్తాను."

ఆ మాటతో ఎబెన్‌కి ఎక్కడలేని కోపం వచ్చింది. పట్టుబడ్డవాడి కోపం. "ఎవరికి చెప్తావే?" అన్నాడు. "ఊరందరికీ తెలుసు. నీ నడకలో తెలుసు. రొట్టెల దుకాణం పిల్లకి తెలుసు."

ఎప్పీ పెన్సిలు కింద పెట్టింది.

"టీనీకి?"

"నీకన్నా ముందే. ఆసుపత్రిలో వాళ్ళన్నకి గుడ్లు మోసుకెళ్ళిందే ఆవిడ. నీ చేతులు చూసి ఒప్పుకుంది."

ఆమె భూతద్దం గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. పుస్తకం మూసి, అంచులు సరిచేసి, రెండు చేతులతో అతనికి అందించింది.

"అయితే ఇంత ఊళ్ళో ఆ పేరు కోసం పుస్తకాలు చదవాల్సి వచ్చింది నాకొక్కదానికేనన్న మాట," అంది.